గిన్నె మీది పేరు

పీజీ రెండో ఏడాదిలో ప్రాజెక్టు కోసం స్టీలు సామాన్ల మీద కొట్టించే పేర్లను ఎంచుకున్నాను. మానవశాస్త్రంలో మాది, మనుషులు వాడుకునే వస్తువుల ద్వారా వాళ్లను అర్థం చేసుకునే కోర్సు. మా ఇల్లు సూర్యాపేటలో కాబట్టి ఆ చుట్టుపక్కలే తిరగాలనుకున్నాను.

ముందు కోదాడలో ఒక సామాన్ల దుకాణానికి వెళ్లి, చిన్న మిషన్‌తో పేర్లు కొట్టే ఆయన పక్కన ఒక పూట కూర్చున్నాను. ఆ చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి.

"చాలామంది కానుకగా పెట్టేవాళ్ల పేరే వేయిస్తారమ్మా. ఎవరు పెట్టారో రేపు తెలియాలిగా" అన్నాడు. రాసుకున్నాను.

వారం తర్వాత మోతెలో ఒక ఇంటికి వెళ్లాను. కూలికి పోయే పెద్దామె ఒక్కతే ఉంటోంది. తన సామాన్లన్నీ చూపించి, ఒక పాత గిన్నెను మాత్రం పక్కకు పెట్టింది.

"ఇది నాది కాదు బిడ్డా."

వయసులో ఉన్నప్పుడు మిర్యాలగూడకు నాట్లకు వెళ్లిందట. అక్కడ జ్వరంతో పడి ఉంటే పక్కింటామె ఆ గిన్నెలో రోజూ జావ తెచ్చి తాగించింది. ఊరికి వచ్చేటప్పుడు గిన్నె మూటలో కలిసి వచ్చేసింది.

"మల్ల ఇచ్చొద్దామనుకున్న, పోనే పోలే. గీడ ఆమె పేరున్నది సూడు. నాకు సదువు రాదు గానీ, తోముతుంటే ఏలుకు తగుల్తది" అంటూ పక్కింటామె పేరు చెప్పింది.

అక్షరాలు అరిగిపోయాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాను. తేలిన పేరు ఆమె చెప్పిన పేరు కాదు. ఎవరో మగమనిషిది.

"ఏమున్నది?" అని అడిగింది.

ఒకరి జ్ఞాపకాన్ని సరిదిద్దడం నా పని కాదు. అయినా అడిగాక అబద్ధం చెప్పలేకపోయాను. చదివి వినిపించి, పక్కింటామెకు ఆ గిన్నె పెట్టినవాళ్ల పేరు అయి ఉంటుందని చెప్పాను.

పెద్దామె కాసేపు గిన్నెను తిప్పి చూసింది.

"ఇన్నేండ్ల సంది గా పేరు మీద ఏలు పెట్టి ఆమెనే యాద్ జేసుకున్న" అంది. గొంతులో ఏ మార్పూ లేదు. నాకే చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. తర్వాత, "మిర్యాలగూడ పోతవా? పోతే జర ఆమెను అరుసుకో" అని రైస్‌మిల్లు వెనక వాడ ఆనవాళ్లు చెప్పింది.

నాకు ఆ ఊళ్లో మూడిళ్లలో ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది. అది ముగించుకుని మిల్లు వెనక్కి వెళ్లాను. పొడవాటి షెడ్డు, పక్కన టీ కొట్టు ఉన్నాయి. కొట్టు ముసలాయనను ఆమె గురించి అడిగాను.

"గా ఇండ్లు ఎప్పుడో పోయినయమ్మా. మిల్లు పెద్దగ జేసిండ్రు. ఆమె యాడికి వోయిందో ఎవరికెరుక" అన్నాడు. ఆమెను తెలిసినవాళ్లు ఇంకెవరూ దొరకలేదు.

ప్రాజెక్టు ఇచ్చేశాక మోతె వెళ్లి ఆ సంగతి చెప్పాను. పెద్దామె మిరపకాయల తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"ఉన్నదో, పోయిందో" అంది. "అడిగినవ్ గదా, గంతే సాలు. కూసో, ఇంత తిని పో."

బస్సుకు ఇంకా టైముంది. కూర్చుని తిన్నాను.