క్యాన్సర్‌ను పస్తు పెట్టబోయి

ఈ కథలో ఒక ముసలామె నల్ల కళ్లద్దాలు తప్ప ఒంటిమీద నూలుపోగు లేకుండా దబ్బున కూలుతుంది. ఆ ముసలామె నేనే కాబట్టి మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

కొన్నేళ్ల కిందట నా నడుము మీద ఎర్రటి మచ్చలు లేచాయి. తామర అనుకుని చండ్రుగొండలో దొరికిన మందులన్నీ పూశాను. పోలేదు. ఖమ్మం దవాఖానాలో చిన్న ముక్క కోసి పరీక్ష చేశాక డాక్టరమ్మ చెప్పింది.

"ఇది చర్మంలో వచ్చే లింఫోమా అమ్మా, అరుదైన క్యాన్సర్. ఒంటికి కాపలా కాసే తెల్లకణాలే దారి తప్పి చర్మంలో చేరినయ్. మామూలు కణాలకంటే చక్కెర ఎక్కువ గుంజుకుంటయ్. లైటు వైద్యంతో అదుపు చేద్దాం."

లైటు సంగతి నా చెవికెక్కలేదు. నేను చక్కెర దగ్గరే ఆగిపోయాను. నా తిండి తిని నా మీదే కాపురమా! వరిమడిలో నాచు పడితే మేమేం చేస్తాం? నీళ్లు తీసేసి మడి ఆరగడతాం. నాచు అట్టలు కట్టి చస్తుంది. మడికి పనికొచ్చిన ఉపాయం ఒంటికి పనికిరాదా?

ఆరగట్టాను. చక్కెర బంద్. పండు బంద్. పెద్దతనంలో అక్షరాలు నేర్చినదాన్ని కదా, ఫోనులో ఎవరో రాసిన వైద్యం కూడబలుక్కుని చదివి, అన్నమూ బంద్ చేశాను. ఇక మిగిలింది ఉడికించిన తోటకూర.

"ఏందే, మేక లెక్క పొద్దుమాపు ఆకులేనా?" అన్నాడు మా ఆయన.

"లోపలోళ్లను మాడుస్తున్న. చూడు, మచ్చలు పల్చబడ్డయ్."

"మచ్చలు గాదే, నువ్వు పల్చబడ్డవ్."

దవాఖానాలో లైటు వైద్యం కూడా మొదలైంది. ఆ లైటు పెట్టె అంటే, బీరువా లోపల చుట్టూ ట్యూబ్‌లైట్లు బిగించినట్టుంటుంది. బట్టలు విప్పి, కళ్లద్దాలు పెట్టుకుని అందులో నిలబడాలి. నిలబడ్డాను. "ఇటు ఆకలి, అటు వెలుగు, యాడికి పోతర్రా!" అని తొడ కూడా కొట్టాను. కొట్టిన చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. కళ్లు తిరిగి, తలుపు తోసుకుని, బయట ఉన్న నర్సమ్మ మీద తాటిపండులా పడ్డాను.

నర్సమ్మ దుప్పటి కప్పింది. డాక్టరమ్మ ఉరికొచ్చింది.

"పొద్దున ఏం తిన్నవమ్మా?"

"తోటకూర."

"నిన్న?"

"తోటకూరనే. ఆ దొంగలకు చక్కెర అందొద్దని."

ఆమె తల పట్టుకుంది. "నువ్వు తినకున్నా నీ కాలేయం చక్కెర తయారు చేసి రక్తంలోకి వదుల్తది. అందుకు నీ కండనే కరిగిస్తది. ఆ చక్కెరనే అవీ గుంజుకుంటయ్."

"అంటే, ఇన్నిదినాలు వాటికి నా కండ వండిపెట్టిన్నా?"

"అవ్. గిట్లనే బక్కచిక్కితే లైటు వైద్యం ఆపాల్సొస్తది. అప్పుడు గెలిచేది అవే."

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టారంటారు. నా ఇంటి ఎలుక ఆ మంటకు చలి కాచుకుంది!

మా ఆయన క్యాంటీన్ నుంచి ఇడ్లీలు తెచ్చాడు. నేను మింగే వేగం చూసి భయపడ్డాడు.

"మెల్లగ తినే! లోపలోళ్లకు గూడ పోతది గద?"

"పోనియ్. బక్కోణ్ణి కొడితే నాకేం పేరు? బలిసినంకనే కొడత."

లైటు వైద్యం ఆగలేదు. మచ్చలు చాలావరకు తగ్గాయి. ఉన్నవి ఉన్నాయి, నేనూ ఉన్నాను. సకల జనుల సాక్షిగా ఒట్టేసి రాస్తున్నాను: ఎంతటి శత్రువు ఒంట్లో దిగినా సరే, వాడి మీద అలిగి నా కంచం బోర్లించను. మాడవలసినవాడు వాడైతే వాడే మాడాలి. నాకు మాత్రం ఇంకో ముద్ద పెట్టండి.