సూపర్‌వైజర్ కుర్చీ

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో పెద్దకోడలు కాలర్లు కుట్టేది. తోడికోడలికి మిషను తొక్కడం నేర్పిందీ, వెంటబెట్టుకొచ్చి పనిలో పెట్టించిందీ ఆవిడే. తీరా సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అయితే మేనేజరు దాన్ని చిన్నకోడలికి ఇచ్చాడు. పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. మండదా మరి!

ఇంట్లో "అక్కా, ఉప్పెంత వెయ్యను?" అని అడిగి వేసే మనిషి ఆ కుర్చీ ఎక్కగానే మారిపోయింది. ఒకరోజు వంకరపోయిన కాలరును అందరి ముందూ ఎత్తి చూపించి, "కళ్ళు నెత్తికెక్కాయా? విప్పి మళ్ళీ కుట్టు!" అని అరిచింది. పెద్దకోడలు విప్పి మళ్ళీ కుట్టింది. సాయంత్రం వంటింట్లో మాత్రం వడ్డీతో సహా తీర్చుకుంది. అక్కడ పెద్దరికం తనదే కదా! "ఇవి తోమిన గిన్నెలా, నాకిన గిన్నెలా?" అంటే చిన్నకోడలు తలొంచుకుని మళ్ళీ తోమింది. విచిత్రమేమిటంటే, వానపడితే షెడ్డు నుంచి ఇంటిదాకా ఇద్దరూ ఒకే గొడుగులో నడిచొచ్చేవాళ్ళు.

పెద్దకోడలికి ఆ కుర్చీ కలలోకి కూడా వచ్చేది. చిన్నకోడలు దానిమీద కూచుని చెమట తుడుచుకున్నా ఈవిడకు టెక్కులాగే కనిపించేది.

చివరికి చిన్నకోడలే మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఈ అరుపులు నా వల్ల కావట్లేదు సార్. అక్కకిచ్చెయ్యండి," అంది.

కుర్చీ దానంగా వచ్చిందన్న ఉక్రోషం పెద్దకోడలికి నాల్రోజుల్లో తగ్గింది. గొంతు మాత్రం పెరిగింది. చిన్నకోడలు కుట్టిన జేబుల్ని ఏరి మరీ విప్పించేది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆడవాళ్ళంతా చిన్నకోడలి చుట్టూ చేరేవాళ్ళు. ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెడుతూ పకపకా నవ్వేవాళ్ళు. ఒకప్పుడు ఆ గుంపు తనది. కుర్చీలో ఒంటరిగా మెతుకులు కెలుకుతూ పెద్దకోడలు కుళ్ళిపోయేది. కుర్చీ వదులుకున్నా దీనికే బాగుందే!

ఒకరోజు ఉండబట్టలేక డబ్బా పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కాస్త జరగండే, నేనూ కూచుంటాను అందామనే వెళ్ళింది. ఆవిడను చూడగానే నవ్వులు ఆగిపోయాయి. దాంతో కడుపు మండి, నోట్లోంచి వేరే మాట ఊడిపడింది.

"ఏంటా ఇకఇకలు? లేవండి, మిషన్లెక్కండి!"

అందరికంటే ముందు చిన్నకోడలే లేచింది.

"ఇంకా టైముంది కదే," అని పక్కనున్నామె గొణిగింది.

"మేడం చెప్పారుగా, పద," అంది చిన్నకోడలు.

గబగబా డబ్బాలు మూసుకుని అందరూ వెళ్ళిపోయారు. వాళ్ళు కూచున్న చోట, మూత తియ్యని డబ్బాతో పెద్దకోడలు నిలబడిపోయింది.