పదకొండు వందల వాట్ల గది

మెట్రిక్ పాసైన మేనల్లుడు ఇంట్లో ఉండగా బయటివాడికి జీతం ఎందుకివ్వాలన్నాడు మామ. అంతే, నా చదువు అక్కడికి ఆగింది. వరంగల్‌లో ఆయన పెట్టిన సినిమా హాల్లో ఆపరేటర్నయ్యాను. నాన్న పోయాక నన్నూ అమ్మనూ సాకింది ఆయనే. కాదనడానికి నాకు నోరెక్కడిది?

ప్రొజెక్టరు గది అంటే గదేం కాదు, ఇనుప రేకుల డబ్బా. కిటికీ లేదు. తెర మీదికి వెలుగు పోవడానికి ఒక బొక్క, నేను తొంగిచూడటానికి ఇంకొకటి. ఆట మొదలు కాగానే గేటుకీపరు బయట తాళం వేసేవాడు. ఇదెక్కడి చోద్యమని అడిగితే మామ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"నీ దోస్తులొచ్చి పుకట్ల సిన్మా జూస్తరు, బీడీలు గుంజుతరు. ఫిలిం అంటుకుంటే ఏం గావాలె?"

నాకు దోస్తులే లేరు మహాప్రభో! రోజూ రెండాటలు ఆ డబ్బాలో కూర్చునేవాడికి దోస్తులెక్కడ దొరుకుతారు?

అప్పటి ఫిలిం గడ్డివాము కన్నా తొందరగా అంటుకునేది. ఒకసారి తెగిన ముక్కను పెరట్లో అగ్గిపుల్లతో ముట్టించి చూశాను. భగ్గుమంది. నీళ్లు కుమ్మరించినా ఆరలేదు. ఆనాటి నుంచి తాళం పడ్డ చప్పుడు వింటే చాలు, కళ్లు ఆ ఫిలిం చుట్టల మీదికే పోయేవి. కుడితిలో పడ్డ ఎలుక బతుకైంది నాది. మీసాలొచ్చిన మగాణ్ణి, భయమని ఏ మొహంతో చెప్పను? అందుకని తలుపు తెరిపించడానికి ఉక్కను అడ్డం పెట్టుకున్నాను.

ఉక్క మాత్రం అబద్ధమా? గది మూలన తీగచుట్టలతో ఒక రెసిస్టెన్సు డబ్బా ఉండేది. హాలు వెనక ఆయిలింజనుతో తిరిగే డైనమో నూటపది వోల్టులు ఇచ్చేది. ప్రొజెక్టరులో రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగుకు యాభై అయిదు చాలు. మిగతా యాభై అయిదూ ఆ చుట్టలే మింగాలి. అమ్మీటరు ముల్లు ఇరవై ఆంపియర్ల దగ్గర నిలబడేది. ఒకరోజు ఉండబట్టలేక, బళ్లో ఉర్దూలో బట్టీపట్టిన సూత్రం గుర్తు చేసుకుని లెక్క కట్టాను. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, రెండు ముప్పావు ఓములు. రెంటినీ గుణిస్తే పవరు, పదకొండు వందల వాట్లు! పరీక్షలో అయితే మార్కులు తెచ్చుకుని మరిచిపోయేవాణ్ణి. ఇక్కడ ఆ లెక్క మధ్యలో నేనే చెమటలు కక్కుతున్నాను. కడ్డీల వేడి పొగగొట్టంలోంచి పోయేది గాని, ఈ డబ్బా వేడి అంతా నాకే. నలభై వాట్ల బల్బులు పాతిక పైన మోకాళ్ల దగ్గర వెలిగించి, తలుపేసి పోయినట్టన్నమాట.

మధ్యాహ్నం టికెట్ల కిటికీ దగ్గర మామను పట్టుకున్నాను.

"మామా, మనం పుట్టించే కరెంటుల సగం ఆ డబ్బనే తింటాంది. అంత ఉత్త ఉడుకైపోతాంది. జర తలుపన్న తెరిచి పెట్టనియ్యి."

మామ చెవికి సగం అన్న మాట ఒక్కటే ఎక్కింది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, ఇంజనుకు ఆయిలు దొరకడమే గగనం.

"సగమా! ఇన్ని దినాలు చెప్పకపోతివేందిరా? దాన్ని పీకి అవతల పారెయ్యి!"

"అయ్యో మామా! అది అడ్డం లేకుంటే కరెంటు ఎగబడ్తది. డైనమో కాలిపోతది."

"తింటాందని నువ్వే అంటివి గద?"

"తినుడే దాని పని మామా."

"నీ చదువేందో నాకైతే సమజ్ గాదు" అని లేచి వెళ్లాడు. కానీ ఊరుకునే మనిషి కాదు. మేస్త్రీని పిలిపించి రేకు గోడకు బొక్క కొట్టించి, ఆ రెసిస్టెన్సు డబ్బాను వెనక వరండాలోకి మార్పించాడు. చుట్టూ ఇనుప తీగల జాలీ కూడా కట్టించాడు. గది చల్లబడింది. నేను పొంగిపోయి తాళం సంగతి కదిపాను.

"ఇంకెందుకురా తెరుసుడు? ఉడుకు పోయె గద!"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నాకున్న ఒక్క సాకునూ నేనే లెక్కగట్టి మరీ పోగొట్టుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సిగ్గు కూడా కాలిపోయింది.

"భయమైతాంది మామా! అంటుకుంటే నేనెట్ల బయటపడాలె?" అని అరిచాను.

మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నోట్లోని పాన్ ఊసి వచ్చి, మెల్లగా చెప్పాడు.

"అంటుకుంటే నువ్వు తలుపు తీసుకొని ఉరుకుతవ్. మంట నీ ఎనకనే హాల్లకొస్తది. పరకాల నుంచి బండ్లు గట్టుకొని వస్తాండ్రు, సంటిపిల్లలను ఎత్తుకొని. అందుకే తాళం. దోస్తులు, బీడీలు అన్నీ ఉత్త ముచ్చట."

తప్పని అందామంటే ఆ పిల్లలు కళ్ల ముందు మెదిలారు. ఒప్పని అందామంటే లోపలుండేది నేను.

"మరి నేను?" అన్నాను.

మామ తల దించుకుని టికెట్ల కిటికీ వైపు నడిచాడు.

సాయంత్రం మొదటాటకు బెల్లు కొట్టారు. లోపలికి పోయాను. తాళం పడింది. రీలు ఎక్కించి కడ్డీలు ముట్టించాక, తలుపు అవతల దగ్గు వినిపించింది. గేటుకీపరు దగ్గు కాదు.

"మామా?"

"నేనేరా. తాళంచెవి నా చేతులనే ఉన్నది. నీ పని నువ్వు జూస్కో."

టికెట్ల డబ్బు దగ్గర నుంచి కదలని మనిషి, ఆట అయ్యేదాకా ఆ ఇనుప మెట్టు మీద కూర్చున్నాడు. మర్నాడూ కూర్చున్నాడు. ఆ పైన కూడా. హైదరాబాదు పోయి ఏదో ఒక పని చూసుకోవాలని అంతకుముందు రోజూ అనుకునేవాణ్ణి. ఆ దగ్గు వినడం మొదలయ్యాక మళ్లీ అనుకోలేకపోయాను.