తాత సుత్తికి దొరికిన దిమ్మలు

భూమి తన చుట్టూ తాను తిరుగుతోందంటే అది మా తాత చలవే. ఆయన ఒక్క పూట సుత్తి భుజాన వేసుకోకపోయినా అది ఇరుసు ఊడి పక్కకు ఒరిగిపోతుంది. నమ్మనివాళ్ళు మా అమ్మమ్మను అడగొచ్చు. ఆవిడా నమ్మదు.

తాత పని చిన్నబండి లైను మీద. రెండు మూరలు నిండని వెడల్పు పట్టాలు, పాతకాలపు ఆవిరి ఇంజను, నాలుగు పెట్టెలు, ఆదివారాలు సరదాకు ఎక్కే జనం. ముప్పై ఎనిమిదేళ్ళుగా తాత రోజూ పట్టాల వెంట నడిచి, కింది కొయ్య దిమ్మలను ఒక్కొక్కటే సుత్తితో కొడతాడు. గట్టిది ఖణేల్మంటుంది. పుచ్చినది దబ్బుమంటుంది. దాని మీద సుద్దతో అడ్డగీత గీస్తాడు. గీత చూసి దిమ్మ మార్చాలి. ఆరేళ్ళుగా ఒక్కటీ మార్చలేదు. రెండేళ్ళుగా బండి వాగు వంతెన దాటకుండా ఇవతలి నుంచే వెనక్కి వస్తోంది. తాత గీతలూ మానలేదు, “ఛీ” అనడమూ మానలేదు. టీ చల్లారినా ఛీ, నా మార్కులు చూసినా ఛీ. మార్కుల విషయంలో ఆయన తప్పేం లేదు.

లైను ఉంచాలో, పట్టాలు పీకి పాత ఇనుముకు అమ్మాలో తేల్చడానికి కమిటీ వస్తుందన్నారు. స్టేషన్ మాస్టరుకు ఎక్కడలేని చురుకు పుట్టింది. ఇంజనుకు ఎర్ర రంగు, గుమ్మానికి పూలకుండీలు, చివరికి దిమ్మలకు నల్ల రంగు. తాత గీతలన్నీ ఆ రంగు కింద సమాధి. పైగా కమిటీని వంతెన దాటించి చివరి స్టేషన్ దాకా తీసుకెళ్తాడట.

“గీతలు వాళ్ళ కంట పడితే లైను మూసేస్తారు పెద్దాయనా. ఈ ఒక్క రోజుకీ కళ్ళు మూసుకోండి” అన్నాడు మాస్టరు.

“నేను చూసేది చెవులతోనయ్యా. వంతెన మీద పదిహేడు పుచ్చాయి. రంగు పూస్తే బరువు మోస్తాయా?”

“ఒక్కసారికి ఏం కాదు లెండి.”

“ఛీ.”

ఇంట్లో అమ్మమ్మ అందుకుంది. “లైను పోతే పొద్దున్నే లేచి ఏం కొడతావ్? మంచం కోళ్ళా?”

“కొట్టి చూశా. ఒకటి పుచ్చింది” అని కంచం నెట్టేసి లేచాడు. ఆయన సగంలో లేవడం నేనెప్పుడూ చూడలేదు.

కమిటీ ఎక్కిన బండి వంతెన దగ్గరికి వచ్చేసరికి, పట్టాల మధ్య ఎర్రజెండాతో తాత. ఇంజను కీచుమంటూ ఆగింది. అందరూ దిగారు. మాస్టరు ముఖం ఇంజను రంగుకు తిరిగింది. తాత వంతెన మీది మొదటి దిమ్మపై సుత్తితో ఒక్కటి వేశాడు. నల్ల రంగు పెచ్చులా లేచింది, సుత్తి తల లోపలికి దిగబడింది, పుచ్చుపొడి వెళ్ళి కమిటీ అధ్యక్షుడి బూట్ల మీద పడింది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఏం రాసుకున్నాడో నెల దాటినా తెలియలేదు. లైను ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. మాస్టరు తాత ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు. తాత మళ్ళీ గీతలు గీస్తున్నాడు. నలుపు మీద సుద్ద ఇంకా బాగా కనిపిస్తోందట.

ఇదంతా రాసి ఆయనకే చదివి వినిపించాను.

“నీ లైను గొంతు నువ్వే నులిమావంటున్నారు తాతా. ఏమంటావ్?”

“పదిహేడు కాదే, పంతొమ్మిది. రెండు మింగేశావ్. ఛీ! ఆ రంగు పూసినోడికీ నీకూ తేడా ఏముంది? ముందది దిద్దు.”