ఆళ్లగడ్డ బస్సులో అర టికెట్టు

యాభై ఏడులో ఆళ్లగడ్డలో మేము పోగొట్టుకున్నవి ఒక పాయింటు, దానితో మ్యాచ్, మ్యాచ్‌తో కప్పు. మా అబ్బాయి కొన్న వాలీబాల్ తోలు వాసనకు అదంతా గుర్తొచ్చింది.

నాయన నంద్యాల కాలేజీ జట్టుకు కోచ్. చిన్నపిల్లనైన నన్నూ ఆటకు వెంట తీసుకుపోయాడు. ఆళ్లగడ్డ జట్టు కొట్టిన చివరి బంతి మా ఆటగాడి వేళ్లకు తగిలి బయటపడింది. రెఫరీ చూడలేదు.

"మా పిల్లోని చేతికి తగిలిందప్పా, పాయింటు వాళ్లదే" అన్నాడు నాయన.

తిరుగు బస్సులో ఆళ్లగడ్డవాళ్లు, "ఏం సారూ, మా టీముకు గూడా నువ్వే కోచా?" అని నవ్వారు. నాయనకు గెలవడం చేతకాదనుకొని, సిగ్గుతో దూరంగా కూర్చున్నాను.

"ఆ సారు మీ నాయనేనా పాపా?" కండక్టర్ నన్నడిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

"నా బిడ్డేలేప్పా, అర టికెట్టు కొట్టు" అన్నాడు నాయన, మెల్లగా.

తర్వాత ఆయన జట్టు చాలా కప్పులు గెలిచింది. ప్రతిసారీ చప్పట్లు కొట్టాను. ఆ రోజు అనాల్సిన 'అవును' మాత్రం ఆయన పోయేదాకా అనలేదు. ఆ ఒక్క మాట ఇప్పటికీ బాకీ.