మిర్యాలగూడ నుంచి కోదాడకు, సూర్యాపేట మీదుగా, ఒక దస్తీతో

మిర్యాలగూడ నుంచి కోదాడకు హుజూర్‌నగర్ మీదుగా నేరుగా బస్సుంది. గంటన్నర, మహా అయితే రెండు గంటలు. మేము మాత్రం సూర్యాపేట చుట్టూ తిరిగి వెళ్లాం. ఎందుకో చెప్పాలంటే ముందు మా బడి సంగతి చెప్పాలి. నేను మిర్యాలగూడలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. కోదాడలో పదో తరగతి పిల్లలకు పౌర విలువల మీద వక్తృత్వ పోటీ ఉందని తెలిసి ఇద్దరిని సిద్ధం చేశాను. సైదులుకు భారత పౌరుడి బాధ్యతలు ఇచ్చాను, రూతుకు అమెరికా పౌరసత్వం. రూతు పుట్టింది అమెరికాలో, పాస్‌పోర్టు అక్కడిదే. రెండేళ్ల వయసులో అమ్మానాన్నలతో తిరిగొచ్చి అప్పటి నుంచి మిర్యాలగూడలోనే ఉంటోంది. మీ దేశం గురించే కదా, నీకు తేలిక అన్నాను. ఆ అమ్మాయి నేను రాసిచ్చిన కాగితం తీసుకుని పుస్తకంలో పెట్టుకుంది. సరేనందని నేనే అనుకున్నాను.

ఉదయం ఏడింటికి బస్టాండు చేరాం. ఏడుంపావుకు కోదాడ బస్సు రాగానే జనమంతా తలుపు మీద పడ్డారు. పిల్లలిద్దరూ కదల్లేదు. వరుసలో నిలబడటం గురించి వారం రోజులుగా నేను దంచి చెప్పిన పాఠం బాగానే తలకెక్కినట్టుంది. ముందు సైదులు, వెనక రూతు, ఆమె వెనక నేను, ముగ్గురం బుద్ధిగా వరుస కట్టాం. మా వెనక ఎవరూ నిలబడలేదు. మా పక్క నుంచి అందరూ ఎక్కారు, ఒకాయన డ్రైవర్ తలుపులోంచి కూడా ఎక్కాడు. బస్సు నిండి వెళ్లిపోయాక కూడా మా వరుస చెక్కుచెదరలేదు. తర్వాతి బస్సు తొమ్మిదింటికన్నారు, పోటీ పదిన్నరకు. ఇక సూర్యాపేట పోయి బస్సు మారడం తప్ప దారి లేదు.

ఏడున్నరకు సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ దొరికింది, కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. నాకూ సైదులుకూ టికెట్లు తీసుకున్నాను, మనిషికి డెబ్బై ఎనభై మధ్య. ఆడవాళ్లు ఈ రాష్ట్రం చిరునామా ఉన్న కార్డు చూపిస్తే జీరో టికెట్, డబ్బులక్కర్లేదు. రూతు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని లేచి నిలబడింది. తను అమెరికా పౌరురాలినని, జీరో టికెట్ తీసుకుంటే తప్పవుతుందేమోనని, డబ్బులిస్తానని కండక్టరమ్మకు చెప్పింది. బస్సంతా ఇటు తిరిగింది. వెనక సీటాయన అమెరికావాళ్లకు డబుల్ చార్జీ వేయాలన్నాడు. ఒకామె రూతు జడ చూసి, అమెరికాలో కూడా ఇంత నూనె పెడతారా అని ఆరా తీసింది. సోషల్ సార్‌ని కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను గొంతు సవరించుకుని పౌరసత్వం వేరు, నివాసం వేరు అని మొదలుపెట్టేలోపే కండక్టరమ్మ కార్డు తీసుకుని చూసింది.

"ఏడుంటవ్ బిడ్డా?"

"మిర్యాలగూడల."

"కార్డుల గూడ గదే ఉన్నది. ఏడ పుట్టినవో నేనడిగిన్నా? కూసో."

రూతు ఆ టికెట్‌ను మడిచి కంపాస్ బాక్సులో దాచుకుంది. కాసేపు కిటికీలోంచి పొలాలు చూసి, నా వైపు తిరిగింది. "సార్, పద్దెనిమిదేండ్లు నిండినంక సైదులుకు ఓటొస్తది, నాకు ఈడ రాదు గదా. గందుకేనా నాకు అమెరికా ఇచ్చిండ్రు?" నేను అంత దూరం ఆలోచించనే లేదు, పాస్‌పోర్టు చూసి ఇచ్చేశానంతే. తనూ మన ఊరి గురించే మాట్లాడాలనుకుందని అప్పుడు అర్థమైంది. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసి, ఈసారి ఎండలు ముందే వచ్చాయి కదా అన్నాను.

తొమ్మిదికి పది నిమిషాలుండగా సూర్యాపేటలో దిగాం. కోదాడ బస్సు అప్పుడే వచ్చి ఆగుతోంది. ఇదీ తప్పిపోతే పోటీ పోయినట్టే. ముప్పై ఏళ్ల అలవాటు, నా చెయ్యి నా మాట వినలేదు. సీటు పట్టడానికి జేబులోంచి దస్తీ తీసి కిటికీలోంచి లోపలికి విసిరాను. పిల్లలిద్దరూ కళ్లారా చూశారు. తోసుకుంటూ ఎక్కితే, ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. నా దస్తీ ఆమె ఒళ్లో, నీటుగా మడతపెట్టి ఉంది.

"దస్తీ మీదేనా సారూ? ముందుగాల్నే కూసున్న నా మీద పడ్డది. ఇప్పుడు నేను లేవాల్నా, ఉండాల్నా?"

బస్సంతా నవ్వింది. ఆమె జరిగి పిల్లలకు చోటిచ్చింది. దస్తీ వేసి పట్టిన సీటు వద్దని సైదులు నా చెవిలో, నలుగురికీ వినబడేట్టు చెప్పాడు. ఆ చోటులో ఎవరో ఇద్దరు కూర్చుని ఊరు దాటకముందే నిద్రపోయారు. మేము గంటకు పైగా హైవే పొడుగునా నిలబడే వెళ్లాం.

పదీ ఇరవైకి కోదాడ హాల్లో అడుగుపెట్టాం. సైదులు బాధ్యతలన్నీ గడగడా చెప్పి, చివరిది మర్చిపోయి, దండం పెట్టి దిగాడు. రూతు నేను రాసిచ్చిన కాగితం తీసుకుని స్టేజీ ఎక్కింది కానీ దాన్ని విప్పలేదు. అమెరికా గురించి తనకు తెలిసింది ఫోటోల్లో చూసిన మంచు మాత్రమేనని మొదలుపెట్టింది. కంపాస్ బాక్సులోంచి టికెట్ తీసి చూపించింది. ఏ దేశంలోనైనా మనిషి పక్కవాడి వంతును గౌరవిస్తేనే పౌరుడంది. తమకు వరుస నేర్పిన పెద్దమనిషి ఒకరు ఈ పొద్దున కిటికీలోంచి దస్తీ విసిరారని కూడా చెప్పింది, పేరు మాత్రం చెప్పలేదు. అవసరం లేకపోయింది. ఆ సమయంలో నేను అదే దస్తీతో చెమట తుడుచుకుంటున్నాను. హాలంతా నన్నే చూసింది.

న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ నవ్వు ఆపుకుంటూ అడిగారు. "ఇంతకీ నువ్వు ఏ దేశపు పౌరురాలివమ్మా?"

"పాస్‌పోర్టు ప్రకారం అమెరికా మేడమ్. బస్సు ప్రకారం మిర్యాలగూడ."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. రూతుకు రెండో బహుమతి వచ్చింది. మెస్‌లో భోజనం చేస్తుండగా, నీకు ఆ టాపిక్ ఇవ్వడం నాదే తప్పని రూతుకు చెప్పాను. పర్వాలేదు సార్, కానీ దస్తీ ఇటియ్యుండ్రి అని చెయ్యి చాపింది. ఇచ్చాను.

తిరుగు ప్రయాణంలో హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సు కోసం ముగ్గురం మళ్లీ వరుస కట్టాం. ఇరవై ఆరేళ్లుగా పౌరశాస్త్రం చెప్తున్నాను, పరీక్ష రాసింది మాత్రం ఆ ఒక్క రోజే. పిల్లలు పాసయ్యారు, నేను తప్పాను. ఆ పిల్లకు ఎప్పటికైనా ఇక్కడ ఓటొస్తుందో రాదో నాకు తెలియదు, రావాలని మాత్రం గట్టిగా ఉంది. మీరూ ఈ దారిన వెళ్తే ఉదయం ఆరున్నరకే బస్టాండులో ఉండండి, నేరుగా వెళ్లే బస్సే ఎక్కండి, ఆడవాళ్లు చిరునామా ఉన్న కార్డు మర్చిపోవద్దు. వరుసలో నిలబడితే సీటు దొరకదేమో. మాకూ దొరకలేదు, హుజూర్‌నగర్ దాటి గరిడేపల్లి దాకా నిలబడే వచ్చాం. కానీ కోదాడలో బస్సు వచ్చేసరికి మా వెనక వరుసలో ఇద్దరు నిలబడి ఉన్నారు.