నాకు రాని పాజిటివ్

ఆవిడ మీద నాకు ఈర్ష్య. దాచుకోవడం నా వల్ల కాదు. చీరాలలో మగ్గాలున్న ఇంటి కోడలు. బ్రాడీపేటలో నరాల డాక్టరుగారి దగ్గర పరిచయమైంది. ఇద్దరిదీ ఒకే జబ్బని ఆయన అనుమానం. ఒంట్లో ఉండే రోగనిరోధక శక్తే ఎదురుతిరిగి కంటినరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీస్తుందట. ఇద్దరి రక్తమూ ఒకేరోజు యాంటీబాడీ పరీక్షకు వెళ్లింది. ఆవిడకు పాజిటివ్, నాకు నెగెటివ్.

నా సంగతి కళ్లంలో బయటపడింది. ఎర్రటి మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను. ఎడమకంట్లో దుమ్ము పడితే కొంగుతో అదుముకున్నాను. కుడికంటికి రాశిలో ఎరుపే లేదు, మొత్తం తాలే. అంతకుముందు చాలా రోజులు ఎక్కిళ్లు, వాంతులు. మిర్చి ఘాటుకేలే అని మా అత్తగారు మజ్జిగ తాగించారు. మిరప చేల మధ్య బతికేవాళ్లకు ఎక్కిళ్లొస్తే ఇంకోటి తోస్తుందా? ఆ ఎక్కిళ్లు కూడా ఈ జబ్బువేనని డాక్టరుగారు చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

రిపోర్టు చూసి డాక్టరుగారు మా ఆయనకు నిదానంగానే చెప్పారు. "యాంటీబాడీ ఉన్నవాళ్లకి మళ్లీ మళ్లీ వచ్చే భయం ఎక్కువండి. అది కనపడనంత మాత్రాన జబ్బు లేదని కాదు. స్కానింగు, కన్ను, ఎక్కిళ్లు అన్నీ అదే చెబుతున్నాయి. మందు ఆపకండి."

మా ఆయన చెవికెక్కింది నెగెటివ్ ఒక్కటే. ఇంటికొచ్చి, "ఏం లేదంటమ్మా" అని వాళ్లమ్మకు చెప్పాడు.

"నేను ముందే చెప్పలా, ఘాటేనని" అన్నారు అత్తగారు.

మాత్రలు అయిపోయాక మళ్లీ తేలేదు. అడిగితే, "లేని జబ్బుకి మందులేందే? వాటితో మొహం ఎట్లా ఉబ్బిందో చూసుకో" అన్నాడు.

చీరాలావిడ ఫోన్ చేసేది. మగ్గం దగ్గరికే రానివ్వట్లేదట. మాత్ర మింగేదాకా మొగుడు ఎదురుగా నిలబడతాడట. "మీకు నెగెటివ్ వచ్చింది, అదృష్టవంతులండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ చూపు నాకంటే అధ్వాన్నం, రెండో కంటికీ వచ్చింది పాపం. అయినా సరే, ఆ పాజిటివేదో నాకే వచ్చి చావకూడదా అనిపించింది.

ఈ కోతలకు మళ్లీ ఎక్కిళ్లు పట్టుకున్నాయి. చెప్పాను. మజ్జిగ ఇచ్చారు. తర్వాత అరికాళ్లు మొద్దుబారాయి. అదీ చెప్పాను. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిందన్నారు. ఒక మధ్యాహ్నం కళ్లంలో పట్టా మీంచి లేవబోతే నడుం కిందంతా నాది కాకుండా పోయింది.

ఇప్పుడు ఆసుపత్రిలో అత్తగారు అన్నం కలిపి నోట్లో పెడుతున్నారు. మా ఆయన నా మాత్రల కోసం ఫోనులో అలారం పెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పకపోయావా" అంటున్నాడు. రక్తపరీక్ష మళ్లీ చేశారు, మళ్లీ నెగెటివే. చీరాలావిడను నమ్మడానికి వాళ్లింట్లో ఒక్క రిపోర్టు చాలింది. నన్ను నమ్మడానికి నా రెండు కాళ్లూ కావాల్సొచ్చాయి.